పాటలో చోటు

సంక్రాంతి వెళ్ళిన వారం పది రోజులకి మా వంశం మా ఇంటికి నడిచి వచ్చేది. నవ్వకండి, నిజంగా నడిచే వచ్చేది. భుజాన తంబుర, తలకు రుమాలు, వెనక సంచీ పట్టుకున్న మనవడు. ఊళ్ళో పిచ్చిగుంట్లాయన అనేవారు. కాపు కుటుంబాల ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ తాతకు ఎందరు కొడుకులు, ఎవరు ఏ ఊరినుంచి ఏ కరువులో తరలివచ్చారు, అన్నీ ఆయన నోట్లో ఉండేవి. కాగితం ముక్క లేదు. ఏడాదికోసారి వచ్చి, వాకిట్లో నిలబడి అదంతా పాడి, ఇన్ని గింజలూ ఒక పాత పంచా పట్టుకుపోవడం వాళ్ళ తరతరాల హక్కు. ఇప్పుడు వాళ్ళు తమని వంశరాజులని చెప్పుకుంటున్నారు. నన్నడిగితే ఆ పేరే సబబు.

పాట మొదలుపెట్టేముందు తమ కథ చెప్పుకునేవాడు. నూటొక్క మంది అన్నదమ్ముల్లో ఒకడు కుంటివాడట. నాగలి పట్టలేడు. అన్నలంతా కలిసి వాడికో ఎద్దునిచ్చి, "నువ్వు ఊరూరా తిరిగి మా వంశాలు చెప్పు, నీ తిండి బాధ్యత మాది" అన్నారట. ఆ కుంటి తమ్ముడి సంతానమే మేము తల్లీ అనేవాడు. ఈ కుంటివాణ్ణి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

నేను 1976లో శామీర్‌పేటకి కోడలిగా వచ్చాను. కోఠీ ఉమెన్స్ కాలేజీలో చరిత్ర తీసుకుని బి.ఏ. ప్యాసయి, ద్రాక్షతోటల మధ్య వచ్చి పడ్డాను. అప్పట్లో మేడ్చల్, శామీర్‌పేట అంటే అనాబెషాహీ ద్రాక్ష. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు. అది వేరే ఏడుపు, ఇక్కడొద్దు.

మొదటి ఏడాది పాట విని మురిసిపోయాను. మా వంశం ఓరుగల్లు కోటలో మొదలై, ప్రతాపరుద్రుడి దగ్గర కొలువు చేసి, కోట కూలాక చెట్టుకొకరు పుట్టకొకరు అయి, ఏడు తరాల కిందట ఈ చెరువు కింద నాగలి దించింది. ఏడు తరాలూ వరసగా పాడి, మా మామగారి పేరు, తర్వాత మావారి పేరు చెప్పి తంబుర తీగమీద చెయ్యి వేసి ఆపేశాడు. "వచ్చే ఏటికి పాట పొడుగైతది తల్లీ" అని నావైపు చూసి నవ్వాడు. నేను సిగ్గుపడి లోపలికి పోయాను.

1978లో పెద్దది పుట్టింది. పాట పొడుగు కాలేదు. 1981లో చిన్నది పుట్టింది. కాలేదు. ప్రతి సంక్రాంతికీ వాకిట్లో పిల్లలిద్దరూ ఆయన ముందే గంతులు వేస్తుంటే ఆయన పాట వాళ్ళ నాన్న దగ్గరికి వచ్చి టక్కున ఆగేది. చిన్నదాని తర్వాత డాక్టరమ్మ ఇక వద్దంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకని పాట ఆపాక నావైపు చూడ్డం మానేశాడు. ఆ చూడకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

1984లో కాబోలు, పెద్దదానికి ఆరేళ్ళు. ఆయన అటు వెళ్ళగానే కొంగు పట్టుకుని అడిగింది: "అమ్మా, అందరి పేర్లూ చెప్పిండు గద. మేం లేమా?"

ఏం చెప్పను? మీరైతే ఏం చెప్తారు?

మా అత్తగారు అరుగుమీద అనపకాయలు ఒలుస్తోంది. విననట్టే ఉండిపోయింది. చదువు లేదు ఆమెకి, వేలిముద్రే. కానీ ఓరుగల్లు సంగతంటే చెవి కోసుకునేది. మన వంశం ప్రతాపరుద్రుడిదాకా పోయిందని ఆమెకి మహా గర్వం. ఆ రాత్రి, "పిల్లా, నువ్వు గా రాజుల చదువే గద చదివినవు. ప్రతాపరుద్రుని పాట ఎవరు పాడిన్రు? ఆయన ఎవరి కాడికి పోతడు?" అని అడిగింది.

అలా మొదలైంది మా అత్తాకోడళ్ళ బడి. పగలు తోటపని, రాత్రి కాకతీయులు.

రాజులకీ పిచ్చిగుంట్లాయనలు ఉన్నారత్తమ్మా, అన్నాను. కాకపోతే వాళ్ళని ఆస్థాన కవులంటారు, గింజల బదులు అగ్రహారాలు పుచ్చుకుంటారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం చూస్తే ఆ వంశం సూర్యుడి దగ్గర మొదలవుతుంది. మనువు, ఇక్ష్వాకు, రాముడు, ఎక్కడో దారిలో చోళ కరికాలుడు, ఆ తర్వాత దుర్జయుడు, అలా దిగి దిగి కాకతీయులు. సముద్రవ్యాపారం చేసే పరదేశులకి అభయమిచ్చే శాసనం అది. కొత్తవాళ్ళముందు ఇంటిగొప్ప కాస్త ఎక్కువ చెప్పుకోమూ? పెళ్ళిచూపుల్లో మనం చేసేదీ అదే. కానీ అదే గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో ఒక చెరువు తవ్వించింది. దాని పేరు ధర్మకీర్తి సముద్రం. ఆ చెరువు గట్టున వేయించిన శాసనంలోనూ వంశం ఉంది. అందులో సూర్యుడిదాకా పోలేదు. దుర్జయుడి వంశంలో వెన్నడని ఒకడు, కాకతి అనే ఊళ్ళో ఉండి ఏలాడు కనక వాళ్ళకా పేరు వచ్చింది. వాడి వెనక గుండడు, మళ్ళీ గుండడు, మళ్ళీ గుండడు, ఆ తర్వాత ఎర్రడు. కాకతీయుల తొలితరాల పేర్లు మనకి తెలిశాయంటే ఆ ఆడపడుచు చెరువు పుణ్యమే.

"అన్న సూర్యుని కాడికి పాయె, చెల్లె చెరువుకాడ ఆగె" అంది మా అత్తగారు. "చెరువు తవ్వించినామెకు అబద్ధంతోని పనేంది?"

అంతకంటే ఆమెకి నచ్చింది కామసాని. బేతరాజు ఇంకా పసివాడుగా ఉన్నప్పుడు కాకతీయుల సంగతి అగమ్యగోచరమైంది. విరియాలవారింటి ఇల్లాలు కామసాని పూనుకుని, చాళుక్య చక్రవర్తి దగ్గర మాట్లాడి, పిల్లవాడికి కాకతి నిలబెట్టింది. గూడూరు శాసనం ఆమెని పొగిడింది. ఆమె నడుం కట్టకపోతే గణపతిదేవుడూ లేడు, రుద్రమా లేదు, ఓరుగల్లు కోటా లేదు. కానీ వంశం చెప్పేటప్పుడు బేతరాజు తర్వాత ప్రోలరాజు. కామసాని రాదు. ఆమె ఈ ఇంటిది కాదుగా!

ఇక గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమ 1262 నుంచి 1289 దాకా ఏలింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజని మగపేరు పెట్టుకుంది, అది వేరే సంగతి. రుద్రమకీ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకుని దత్తత తీసుకుంది. ఆ మనవడే ప్రతాపరుద్రుడు.

మా అత్తగారి చేతిలో అనపకాయ ఆగిపోయింది. "మళ్ళ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అంటే తండ్రి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి దాని బిడ్డకు, దాని నుంచి కొడుకుకు. రెండుసార్లు ఆడిబిడ్డల నుంచి పోయినా అది కాకతి వంశమే నాయె?"

"అవునత్తమ్మా."

"మరి మనింట్ల ఒక్కసారికే తెగుతదా?"

అంతే. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

ఇంకో రాత్రి వేంగి చాళుక్యుల కథ చెప్పాను. 1011లో గద్దెనెక్కిన విమలాదిత్యుడి కాలంనాటి రణస్తిపూండి శాసనంలో ఉంది. వీళ్ళది చంద్రవంశం. బ్రహ్మ, అత్రి, చంద్రుడు, పురూరవుడు, పాండవులు, ఆ తర్వాత అయోధ్యలో యాభై తొమ్మిది మంది చక్రవర్తులు. ఆ వరసలో విజయాదిత్యుడనేవాడు దండెత్తి దక్షిణాదికి వచ్చి, త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చచ్చిపోయాడు. పట్టపురాణి నిండు గర్భిణి. పురోహితుణ్ణీ ముసలి మంత్రుల్నీ వెంటబెట్టుకుని ముడివేము అనే అగ్రహారం చేరింది. విష్ణుభట్టసోమయాజి అనే ఆయన కన్నకూతురిలా చూసుకున్నాడు. అక్కడే కొడుకుని కన్నది. పెరిగి పెద్దయ్యాక నీ తండ్రి ఫలానా, నీ వంశం ఫలానా అని కొడుక్కి చెప్పింది ఆ తల్లే. వాడు చాళుక్యగిరి మీద తపస్సు చేసి మళ్ళీ రాజ్యం గెలుచుకున్నాడు. కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియమే ఆ ముడివేము అంటారు.

నిజమా అంటే, చాళుక్యుల పాత శాసనాల్లో ఈ అయోధ్యా లేదు, యాభై తొమ్మిది మందీ లేరు. నిజంగా వేంగిలో పునాది వేసినవాడు కుబ్జవిష్ణువర్ధనుడు, రెండో పులకేశి తమ్ముడు, క్రీ.శ. 624 ప్రాంతంలో. నాలుగు వందల ఏళ్ళ తర్వాత వచ్చిన మనవలకి చంద్రుడిదాకా నిచ్చెన కావలసి వచ్చింది, కవి వేశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నిచ్చెనవల్ల మనకి మేలే జరిగింది. విమలాదిత్యుడి కొడుకు రాజరాజనరేంద్రుడు పాండవులు మా పూర్వులు కనక వాళ్ళ కథ తెనుగులో వినాలని ఉందని నన్నయగారిని అడిగాడు. మనకి మహాభారతం వచ్చింది. ఒక అబద్ధానికి అంత వడ్డీ ఇంకెక్కడా చూడలేదు నేను.

ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే మా అత్తగారు మధ్యలో ఆపింది. "కడుపుతోని పారిపోయిన రాణి పేరేంది?"

"మహాదేవి."

"అది పేరా? పెద్దభార్య అన్నట్టే గద. దాని తల్లిదండ్రులు పెట్టిన పేరేంది?"

లేదత్తమ్మా అన్నాను. సోమయాజి పేరుంది, ఊరి పేరుంది, చంపినవాడి పేరుంది. కడుపులో వంశాన్ని మోసుకొచ్చినామె పేరు లేదు.

ఆమెకి కోపం వచ్చిందని గ్రహించి, ఓదార్పుగా శాతవాహనుల్ని తీశాను. మన ఊరిమీదుగా పోయే కరీంనగర్ రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకి పోతే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ ఏలినవాళ్ళ వంశంలో రాజులు అమ్మపేరు ముందు పెట్టుకునేవారు: గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు. గౌతమీ బాలశ్రీ కొడుకు గొప్పతనమంతా నాసిక్ కొండ గుహలో చెక్కించింది, మనవడి పంతొమ్మిదో ఏలుబడిలో. నేను మహారాజు తల్లిని, మహారాజు నాయనమ్మని అని వేయించుకుంది. పురాణాల్లో అదే వంశాన్ని లెక్కపెట్టినవాళ్ళేమో ముప్ఫై మంది రాజులని, నాలుగు వందల అరవై ఏళ్ళని రాశారు. అమ్మల్ని చాలావరకు తీసేశారు.

"గుహల చెక్కిచ్చింది గాబట్టి మిగిలింది" అంది ఆవిడ. "పాటల పెడితే తీసేద్దురు."

1986 సంక్రాంతి. పిచ్చిగుంట్లాయన వచ్చాడు. పాడాడు. మావారి పేరు దగ్గర తంబుర మీద చెయ్యి పడబోతుంటే మా అత్తగారు అరుగుమీంచి లేచింది. "ఆపకు. మా మనవరాండ్ల పేర్లు కలుపు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఆడిబిడ్డలు ఇంకో ఇంటి పాటల పోతరు తల్లీ."

"ఇంకో ఇంటి పాటల నీ తోటోడు చెప్తడా? చెప్పడు గద. మరి యాడికి పోయినట్టు?"

ఆయన తల గోక్కున్నాడు. మా తాతల నుంచి లేదు తల్లీ, పాటలో చోటు లేదు, కలిపితే నడక కుంటుపడుతుంది అన్నాడు.

"పడనియ్యి" అంది మా అత్తగారు. "మీ మూలపురుషుడు కుంటునడకతోనే గద ఊరూరు తిరిగి మా వంశాన్ని బతికించింది!"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ముందు ఆయన వెనక నిలబడ్డ మనవడు కిసుక్కుమన్నాడు. తర్వాత పెద్దాయనా నవ్వాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. తంబుర సవరించుకుని మావారి పేరునుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. పెద్దదాని పేరు దగ్గర ఒకసారి తడబడ్డాడు, చిన్నదాని పేరు రాగానికి లొంగక సాగదీశాడు. నిజంగానే పాట కుంటింది. పిల్లలిద్దరూ స్తంభాన్ని పట్టుకుని నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ ఏడు ఆయనకి పాత పంచ కాదు, కొత్త ధోవతి చాపు ఇచ్చింది మా అత్తగారు. మరుసటి ఏటికి పాట సాఫీగా నడిచింది. ఎక్కడ ఏం సర్దాడో ఏమో!

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళతాను. మా పెద్దది ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో కాపురం. 2018 జూన్‌లో వెళ్ళాను. మన మృగశిర కార్తెకి అక్కడ స్వెట్టరు. నా చరిత్రపిచ్చి తెలిసిన పిల్ల కనక, ఊరికి నలభై యాభై కిలోమీటర్ల దూరంలో టారా అనే గుట్టకి తీసుకెళ్ళింది. ఐర్లండ్ పెద్దరాజుల పీఠం అది. కోటా బురుజూ ఉంటాయనుకున్నాను. పచ్చగడ్డి దిబ్బలు, మేస్తున్న గొర్రెలు, నడుమ నిలువెత్తు రాయి ఒకటి. మన కీసరగుట్టే నయం. అక్కడ హనుమంతుడు తెచ్చాడనే లింగాలు గుట్టంతా ఉన్నాయి, విష్ణుకుండి రాజుల కోటగోడల ఆనవాళ్ళున్నాయి. (ఆ విష్ణుకుండి రాజుల్లో ఎవరు ఏ మాధవవర్మో చరిత్రకారులు ఎన్నో ఏళ్ళు తగాదాపడ్డారు. తాతపేరు మనవడికి పెడితే వచ్చే చిక్కే అది, మన ఇళ్ళల్లో లేదూ!)

అర్హుడైన రాజు తాకితే ఆ రాయి కేకపెడుతుందట. నేనూ చెయ్యి వేశాను. ఉలకలేదు. మా మనవరాలు చెయ్యి వేసి, రాయి అరవకపోయేసరికి తనే అరిచింది. గొర్రెలు పరుగెత్తాయి.

అక్కడి వంశం కథ మా అల్లుడు కొని తెచ్చిన పుస్తకంలో చదివాను. వాళ్ళ మునులు పదకొండో శతాబ్దంలో ఆక్రమణల పుస్తకమని ఒకటి కూర్చారు. మన మనువులాంటివాడు వాళ్ళకి నోవా, ఆయనదీ జలప్రళయమే. ఆయన సంతతిలో మీల్ అనేవాడి కొడుకులు స్పెయిన్‌నుంచి ఓడల్లో వచ్చి దేశం గెలిచారు. అక్కణ్ణుంచి రాజు తర్వాత రాజు, ముందువాణ్ణి చంపి వెనకవాడు, చాలావరకు ఇదే పాట. 1634 ప్రాంతంలో జెఫ్రీ కీటింగ్ అనే మతగురువు దాన్నంతా వాళ్ళ భాషలో కమ్మగా తిరగరాశాడు. అందులో పాతభాగం చరిత్ర కాదని ఇప్పటి పండితులు తేల్చేశారు. నన్ను ఆశ్చర్యపరిచింది కాలం. వేంగిలో విమలాదిత్యుడు గద్దె ఎక్కిన మూడేళ్ళకి, 1014లో, ఐర్లండ్‌లో పెద్దరాజు బ్రయన్ బోరూ యుద్ధంలో చచ్చిపోయాడు. ఆ శతాబ్దంలోనే ఇక్కడ రాగిరేకుమీద చంద్రుడిదాకా నిచ్చెన, అక్కడ తోలుకాగితం మీద నోవాదాకా నిచ్చెన. ఒకరి మొహం ఒకరు చూడలేదు.

మా అత్తగారు ఉంటే అడిగే ప్రశ్న తెలుసు కనక నేనే వెతికాను. ఆ రాజుల్లో పేరుమోసినవాడు నీల్, తొమ్మిది మంది బందీల నీల్ అంటారు. అతని తల్లి కేరెన్. పరదేశపు రాజు కూతురు. సవతి ఆమెచేత బావినుంచి నీళ్ళు మోయించిందట, నిండు నెలల్లోనూ. బావిగట్టునే ప్రసవమైంది. సవతికి భయపడి బిడ్డని ఎత్తుకునేవాళ్ళే లేకపోతే టోర్నా అనే కవి తీసుకుపోయి పెంచాడట. నాకు ముడివేము గుర్తొచ్చింది. వంశం తెగబోయే చోటల్లా ఒక గర్భిణి, ఒక దిక్కులేని ఊరు, దయగల బాపడో కవో! అయితే ఒకటి, వాళ్ళు ఆ తల్లి పేరు దాచుకున్నారు.

ఇంకో పేరు మాకా, ఎర్రజుట్టు మాకా. ముగ్గురు రాజులు ఏడేళ్ళకొకరు వంతులవారీగా ఏలుదామని ఒప్పందం చేసుకున్నారు. ఒకాయన చచ్చిపోయాడు. ఆయన వంతు వచ్చినప్పుడు కూతురు మాకా నా తండ్రి వంతు నాదే అంది. ఆడదానికి రాజ్యమా అన్నారు మిగతా ఇద్దరూ. యుద్ధం చేసి గెలుచుకుంది. అంత పెద్ద జాబితాలో ఆడపేరు ఆమెదొక్కటే. కథే కానివ్వండి, కథ అల్లినవాళ్ళకైనా ఒక్క రుద్రమ కావలసి వచ్చింది కదా!

మా అత్తగారు 1993లో పోయింది. మరుసటి సంక్రాంతికి పెద్దాయన వచ్చాడు. పాడుతుంటే మా మామగారి పేరు వచ్చింది, దాటిపోయింది, మావారి పేరు, నా పిల్లల పేర్లు. నా కళ్ళు అరుగుమీదికి పోయాయి. ఖాళీగా ఉంది. అప్పుడు తట్టింది: మనవరాళ్ళని పాటలో కూర్చోబెట్టిన మనిషి పాటలో లేదు. తన పేరు కలపమని ఆమె అడగలేదు. నాకూ తోచలేదు. రాణి పేరు ఏదని నిలదీసిన మనిషిని, "అత్తమ్మా, మరి నీ పేరో?" అని ఒక్కసారీ అడగలేదు నేను, బి.ఏ. చదివినదాన్ని.

ఆ రోజు అడగడానికి గొంతు రాలేదు. వచ్చే ఏడు అడుగుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన రెండేళ్ళు రాలేదు. 1997లో మనవడు ఒక్కడే వచ్చి, తాత పోయాడు, నేను మేడ్చల్‌లో ఆటో నడుపుతున్నాను అని చెప్పి కాఫీ తాగి వెళ్ళాడు. పాట అతనికి సగమే వచ్చట.

టారా నుంచి వచ్చాక ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఆ పాటలో నాకు గుర్తున్నదంతా రాశాను. ప్రతి మగపేరు పక్కనా భార్యపేరుకి ఒక గీత గీసి చోటు వదిలాను. మా అత్తగారి పేరు మొదట రాశాను, పెద్దక్షరాలతో. మామగారి తల్లి పేరు రేషన్‌కార్డు పుణ్యమా అని దొరికింది. ఆపైన ముత్తవ్వ. అక్కడ బండి ఆగింది.

మేడ్చల్‌లో మావారి మేనత్త ఉంది. తొంభై దాటింది, చెవులు మందం, బుర్ర మాత్రం చురుకే. మొన్న ఫోన్ చేశాను. "అత్తమ్మా, మీ నాయనమ్మ పేరేంటి?"

"ఎవరు, మేడ్చలామెనా?"

"పేరత్తమ్మా, పేరు."

"మేడ్చల్ నుంచి వచ్చింది గాబట్టి శామీర్‌పేటల అందరు మేడ్చలామె అనేటోళ్ళు. ఎంత మంచిదే పిల్లా! నాకు బెల్లం దాచిపెట్టేది. నేను మేడ్చల్‌కు ఇచ్చిన్నాడు మా ఊరికి పోతున్నవు బిడ్డా అని ఎంత ఏడ్చింది! ఒక చేతికి ఆరువేళ్ళు..."

"తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉంటుంది కదత్తమ్మా?"

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఉంటది. ఉండకుంటే ఎట్ల?" అంది చివరికి. "రేపు పొద్దుగాల ఒకసారి చెయ్యి బిడ్డా. రాత్రికి యాదికొస్తదేమో చూస్త."